యశ్వంతపురంలో ఒక చిన్న సముద్రం

మొన్న మా అపార్ట్‌మెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక గాజుతొట్టి ఫొటో పెట్టి, ఇల్లు మారుతున్నాం, కావలసినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి అని రాశారు. వైట్‌ఫీల్డ్‌లో ఇటువంటివి రోజూ వస్తూనే ఉంటాయి, పిల్లల సైకిళ్లూ పాత సోఫాలూ మడతమంచాలూ. నేను వాటిని చూడకుండానే దాటేస్తాను. ఈ ఫొటోను మాత్రం వేళ్లతో పెద్దది చేసి చూశాను. తొట్టి చిన్నదే, వంటింటి గట్టు మీద మిక్సీ పక్కన పట్టేంత. కానీ దాని అంచు వెంట, పాతగోడకు పెల్లుబికినట్టు, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. మంచినీళ్ల చేపల తొట్టికి ఆ ఉప్పు పట్టదు. అది సముద్రపు తొట్టి. నా ఈడువాళ్లలో అటువంటిదాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు అరుదుగానే ఉంటారు గాని, ఇంట్లో ఏదో ఒకటి చెడిపోయినప్పుడు అందరి చూపులూ మెల్లగా తమ వైపు తిరగడం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు ఉండరు. అందుకని చెబుతున్నాను.

తొంభైల చివర నాకు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మాది హిందూపురం. ఆడపిల్ల ఒంటరిగా హాస్టల్లో ఉంటుందన్న మాట మా నాన్న వినను కూడా వినలేదు. యశ్వంతపురంలో మేనమామ ఇల్లుంది, అక్కడ ఉండేటట్టయితే పో, లేదంటే ఉద్యోగమే వద్దు అన్నాడు. ఇల్లు ఊరికి ఆ కొసన, ఆఫీసు ఈ కొసన. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్లు పలకరిస్తారేమోనని భయపడుతూ వెళ్లేదాన్ని. ఎదుటివాళ్లతో చెప్పలేని మాటలన్నీ డైరీలో రాసుకునే రకం. అంత పిరికిదాన్నయినా ఆ ఉద్యోగం మాత్రం నాకు ప్రాణమైపోయింది. మామ ఇంట్లో చోటు పోతే ఆ ఉద్యోగమూ పోతుందని ఆ ఇంట్లో అడుగు పెట్టిన మొదటిరోజు నుంచీ నాకు గుర్తుండేది; గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేదాన్ని.

మామకు పీణ్యలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు ఉండేది. పొద్దస్తమానం రాగితీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్లు గట్టిపడిపోయాయి. ఒకసారి ఎవరో పెద్దవాళ్ల ఇంటికి నీళ్ల పంపు బాగుచేయడానికి వెళ్లి, వాళ్ల హాల్లో సముద్రపు తొట్టి చూసి, పంపు సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద ఆ విషయం మీదే ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను వచ్చాను కాబట్టి చదివి చెప్పే పని నాకు పడింది. రాత్రి భోజనాలయ్యాక నేను చదివేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని, పురాణం వింటున్నట్టు తల ఊపుతూ వినేవాడు. తొట్టి ఎట్లా కడగాలి, ఉప్పు ఎట్లా కలపాలి, రాళ్లు ఎట్లా పేర్చాలి, అన్నీ విన్నాడు గాని, చివరి భాగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు. అది జబ్బుల గురించీ చావుల గురించీ. ఇంకా జీవం పోయకముందే చావు మాట ఎత్తకూడదన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. మా ఇళ్లల్లో పెళ్లి మాటలప్పుడు తుమ్మినా ఆగేవాళ్లం కదా.

ముందుగదిలో తూర్పు కిటికీ కింద టీవీ ఉండే బల్లను ఖాళీ చేసి, అడుగున్నర పొడవు తొట్టి పెట్టాడు. టీవీ వంటింటి పక్కన ఉన్న ఇరుకు గదిలోకి పోయింది, దానితోపాటు మధ్యాహ్నం సీరియలు చూడడానికి వచ్చే పక్కింటివాళ్లూ పోయారు. అత్త అది మనసులో పెట్టుకుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలతో తెచ్చి, పరదేశపు ఉప్పు ప్లాస్టిక్ బకెట్లో కలిపి, తేలే గాజుగొట్టంతో ఉప్పదనం కొలిచి నింపాడు. చెన్నై నుంచి తెప్పించే ఒక షాపులో, సముద్రం అడుగున పడి ఉండి కంటికి కనపడని ప్రాణులు పట్టిన రాళ్లు కొన్ని కొన్నాడు. ఇప్పుడు పగడాలవంటివి అమ్మడం, కొనడం నేరమట. ఆ రోజుల్లో మాలో ఎవరికీ ఆ స్పృహ లేదు. రాళ్లు పెట్టాక, నీళ్లు పక్వానికి వచ్చేదాకా, వారాల తరబడి తొట్టిలో ఇంకేమీ వేయకూడదని పుస్తకం చెప్పింది. మామ రోజూ సాయంత్రం దాని ముందు కుర్చీ వేసుకుని ఉత్త నీళ్లను చూస్తూ కూర్చునేవాడు.

"ఉప్పునీళ్లకి కాపలా కాసే మొగోణ్ణి ఈడే చూస్తుండేది నేను," అనేది అత్త, చపాతీ పిండి కలుపుతూ. ఆమె పుట్టి పెరిగిందంతా బెంగళూరే, మాటల్లో కన్నడం సగం కలిసేది, ఊరికే అనడానికి సుమ్నే అనేది. "సుమ్నే ఉండేకి బేజారా ఏమి మీ మామకి?"

"నీళ్లు పండల్ల. నీకి తెలీదు, సుమ్నుండు," అనేవాడు మామ.

నీళ్లు పండాయి. మొదట రాళ్ల మీద గోధుమరంగు జిగురు పట్టి, అత్త ఇది మోరీ అని ముక్కు మూసుకున్నాక, ఒకరోజు అది తగ్గిపోయి ఊదారంగు మచ్చలు తేలాయి. అప్పుడు గాజును నాకి శుభ్రం చేసే నత్తలు వచ్చాయి, ఒంటి మీద ఎర్రచారలున్న ఒక రొయ్య, నారింజరంగు చేపల జంట, చొక్కా బొత్తాలంత పగడాలు అతుక్కున్న ఒక రాయి. వెలుగు పడగానే ఆ బొత్తాలు ఒక్కొక్కటే విచ్చుకుని ఆకుపచ్చ పూలయ్యేవి. ఒకసారి రొయ్య చచ్చి పడిందని అత్త కేకపెడితే మామ పీణ్య నుంచి పని వదిలి వచ్చాడు. తీరా చూస్తే రొయ్య రాయి సందులో మీసాలు ఆడిస్తూ కూర్చుని ఉంది, కింద పడింది అది విడిచిన పొర. ఆ సాయంత్రం ఇంట్లో ఎంత నవ్వుకున్నామో. ఆ ఇంట్లో అందరం కలిసి నవ్విన చివరి సాయంత్రం అదేనని కొన్నాళ్లపాటు అనుకున్నాను.

వానలు పట్టిన కొత్తల్లో నత్తలు గాజు మీద నుంచి రాలడం మొదలైంది. పొద్దున వెల్లకిలా పడి ఉండేవి, సాయంత్రానికి వాసన వచ్చేవి. తర్వాత రొయ్య. ఈసారి అది పొర కాదు. బొత్తాల పూలు ముడుచుకుపోయి, వెలుగు పడినా తెరుచుకోవడం మానేశాయి. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి. మామ మళ్లీ నత్తల్ని తెచ్చాడు, మళ్లీ పోయాయి. ఇంకోసారి కూడా పోతే తొట్టి పగలగొట్టి మోరీలో పోస్తాను అన్నాడు.

ఆయనకు అనుమానం తగిలింది నీళ్ల దగ్గర. తొట్టిలో నీళ్లు రోజూ కొంచెం ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుకని ఆ తరుగును ఉప్పులేని నీళ్లతో నింపాలి. మామ గాజు మీద టేపు అంటించి గీత పెట్టుకున్నాడు. కొంతకాలంగా సాయంత్రం వచ్చి చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉంటున్నాయి. మొదట వానగాలి వల్ల అనుకుని మురిశాడు. ఒకరోజు గీత దాటి పైకి ఉన్నాయి. ఆవిరైపోవలసిన నీళ్లు పెరగడం ఏమిటి? ఆ మర్నాడు పీణ్యకు పోయే ముందు తొట్టికీ గాజుమూతకూ కలిపి సన్నటి దారం అంటించాడు. మరుసటి సాయంత్రానికి దారం ఊడి ఉంది.

అన్నాల దగ్గర అడిగాడు. "తొట్టి ఎవరు ముట్టినారు?"

అత్త తనకేం పట్టింది అంది. అవ్వ, అంటే మా అమ్మకూ మామకూ తల్లి, వినపడనట్టు మజ్జిగ కలుపుకుంటోంది. ఆమెను అడగాలని ఎవరికీ తోచనే లేదు. చేపల్ని చెరబెట్టడం పాపమని మొదటిరోజే చెప్పి ఆ తొట్టి వైపు పోవడమే మానేసిన మనిషి. నేను తల అడ్డంగా ఊపాను.

"ఎవరూ ముట్టల్యా? అట్లయితే దారానికి చేతులుండాయా?" అని మామ ఇంకెవరివైపూ చూడకుండా నావైపు చూశాడు. ఆయన ఆలోచన నాకు అర్థమైంది. ఇంట్లో పుస్తకం చదవగలిగింది నేను, పొద్దున అందరికంటే ముందు లేచి ముందుగదిలో చెప్పులు తొడుక్కునేది నేను. అది చదివి ఏవో ప్రయోగాలు చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. కాదు మామా అనే రెండు మాటలు గొంతు దాటితే సరిపోయేది. దాటలేదు. మొహం ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి ఒప్పుకున్నట్టే కనపడ్డాయి.

ఆ తర్వాత రాత్రిపూట చదవమని పిలవడం మానేశాడు. నేను గదిలోకి వస్తే మాట ఆపేవాడు. ఆ వారంలోనే వీధి చివర ఎస్టీడీ బూత్‌కు వెళ్లి మా నాన్నకు ఫోను చేశాడని, ఆదివారం ఒకసారి రమ్మన్నాడని అత్త ద్వారా తెలిసింది. నాన్న వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మాట పడిన ఇంట్లో కూతుర్ని ఉంచే మనిషి కాదు, హాస్టల్లో ఉంచే మనిషి అంతకన్నా కాదు. సామాను సర్దుకోవడమే.

నా అనుమానమంతా అత్త మీద. టీవీ పోయిన కోపం, నేలమీద ఉప్పుమరకలు తుడవలేక విసుగు, పగలంతా ఇంట్లో ఉండేది ఆమే. ఆమె పేరు రాయడానికి భయపడి డైరీలో "ఒకరు" అని రాసుకున్నాను. ఆమె నాకు కాఫీ ఇస్తే గ్లాసు అంచు మీదుగా ఆమె మొహం చూసేదాన్ని. పాపం, ఆమె మొహంలో నిద్రలేమి తప్ప ఏమీ ఉండేది కాదు, కాని అనుమానం పట్టిన కంటికి అదీ దొంగతనంగానే కనిపించేది. ఆమె కూడా నన్ను అట్లాగే చూసేదనుకుంటాను. మామ ఇద్దర్నీ చూసేవాడు. మూడు గదుల ఇంట్లో ఒకళ్ల చేతులు ఒకళ్లం గమనించుకుంటూ బతికాం.

ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు మామ వద్దన్న ఆ చివరి భాగం తెరిచాను. అందులో రాగి గురించి ఉంది. నీళ్లలో రాగి చేరితే వెన్నెముక లేని ప్రాణులు, అంటే నత్తలు, రొయ్యలు, పగడాలు ముందు పోతాయి. చేపలు అదే నీళ్లలో తట్టుకుని తిరుగుతాయి. ఇంకో మాట కూడా: ఆవిరయ్యేది నీళ్లే, రాగి ఎక్కడికీ పోదు, రోజురోజుకూ పోగవుతుంది. మా తొట్టిలో జరిగింది అచ్చం అదే. మరుక్షణం నాకు మామ చొక్కా చేతుల మీద మెరిసే రాగి పొడి గుర్తొచ్చింది. తన చేతులతో తనే చంపుకుంటున్నాడా? కాని నీళ్లు పెరగడం మాటేమిటి? పైగా, దొంగ అని పేరు పడ్డ నేను పోయి, మామా తప్పు నీదే అని ఏ మొహంతో చెప్పను?

ఆదివారానికి ముందు శుక్రవారం ఏదో బంద్ అన్నారు, బస్సు రాలేదు. నేను వీధి చివర దాకా వెళ్లి తిరిగి వచ్చి, చప్పుడు చేయకుండా ముందుగదిలో తలుపు వెనుక చాప మీద కూర్చున్నాను. మామా అత్తా ఇంకా లేవలేదు. వాన వెలిసి, ఎదురింటి మిద్దెల సందులోంచి సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. లోపలి గది నుంచి అవ్వ తడి తలకు గుడ్డ చుట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో రాగి చెంబు. చింతపండుతో తోమి తోమి అద్దంలా చేసి, రాత్రే నీళ్లు నింపి దేవుడి దగ్గర పెట్టుకునే చెంబు అది. తొట్టి మీది గాజుమూత పక్కకు జరిపి, కిటికీలోంచి సూర్యుణ్ణి చూస్తూ, రెండు చేతులా చెంబు పైకెత్తి, పేర్లు పలుకుతూ సన్నటి ధారగా నీళ్లు విడిచింది. ధార గుండా ఎండ పడి తొట్టిలో మెరిసింది. చేపలు రెండూ పైకి వచ్చి చూశాయి. చివరి చుక్క పడ్డాక మూత జరిపి, తడి వేళ్లు కళ్లకద్దుకుని, వచ్చినట్టే వెళ్లిపోయింది. నేనక్కడ ఉన్నట్టు ఆమెకు తెలియదు.

ఎండాకాలమంతా ఆమె మిద్దె పైకెక్కి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేది. వానలు పట్టాక మెట్లు జారుడై, మోకాళ్లు పట్టేసి, ఎక్కలేకపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడం మానేసిన మనిషి అర్ఘ్యం ఎక్కడ ఇస్తోందని మాలో ఒక్కరమూ అడగలేదు.

మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని, మాటలు కూడబలుక్కుని, నీళ్ల సంగతి అడిగాను. ఆమె దాచలేదు. "సముద్రం చూడాలంటే రామేశ్వరం పోవల్ల. మీ తాత పిల్చుకోని పోతా పోతా అని పోయ. ఇప్పుడదే ఇంటికొచ్చింటే ఇడిసిపెడతానా పాపా? సముద్రంలో నిలబడి ఇచ్చేది ఎంత పుణ్యమో తెలుసా? నిలబడేకి జాగా లేదు, పోనీలే, ఎదురుగా నిలబడితిని." జీవాలు చస్తున్నాయని తెలిసి, ఇంకా భక్తిగా నిండు చెంబు పోయడం మొదలుపెట్టిందట. రాగి సంగతి నేను చెప్పాను. ఆమె చెంబును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున ముందుగదిలోకి రాలేదు. మామకు చెబుతుందో లేదో నేను అడగలేదు. నా ఉద్యోగం కోసం ముసలావిణ్ణి కొడుకు ముందు నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు, ఆమె చెప్పకపోతే నేను ఇంటికి పోవలసిందేనన్న భయమూ వదల్లేదు. శనివారం రాత్రి బట్టలు మడిచి పెట్టె దగ్గర పెట్టుకున్నాను.

ఆదివారం నాన్న వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాడు. మామ గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "పాప మంచిదే బావా. అయినా కొన్నాళ్లు ఇంటికి పిల్చుకోని పోతే మేలేమో…"

"ఏం చేసింది?" అన్నాడు నాన్న.

"అది కాదప్పా చేసింది, నేను," అంటూ అవ్వ గోడ పట్టుకుని వచ్చింది. "రోజూ పొద్దున్నే నీ తొట్టిలో సూర్యునికి నీళ్లు ఇడిస్తి. నీళ్లు పెరిగేది దానికే."

మామ గోడ వైపు నుంచి తల తిప్పాడు. "దేంతో ఇడిస్తివి మా?"

"ఇంక దేంతో? రాగి చెంబుతోనే. ప్లాస్టిక్ మగ్గుతో ఇడుస్తారేమిరా? ఆయనేమన్నా నీళ్లు పోసుకునేకి వచ్చినాడా?"

"ఎవరు ముట్టినారు, ఎవరు ముట్టినారు అని అన్ని దినాలు అడిగితిని కదా!"

"నేనేడ ముడితిని నీ చేపల్ని? పైనుంచి పోస్తి. నీళ్లు పోసిందెవరు అనింటే చెప్పకుండానా?"

అత్తకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది, అక్కణ్ణుంచి కూడా నవ్వు వినపడుతూనే ఉంది. నేను లేచి వెళ్లి పుస్తకం తెచ్చి, రాగి గురించిన పేజీ తెరిచి మామ ముందు పెట్టాను. చదివి చెప్పమన్నాడు. నాన్న ఎదుటే మొదటి నుంచి చివరి దాకా చదివి చెప్పాను. పుట్టినప్పటి నుంచీ రాగితోనే బతికిన మనిషి, నేల మీద కూలబడి, తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అప్పటిదాకా జోరుగా మాట్లాడిన అవ్వ గొంతు చిన్నబోయింది. "అట్లయితే అన్నింటినీ నేనే చంపితినారా?"

మామ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు కాదు మా. రాగి."

నాన్న ఆ సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లాడు.

రాగి పట్టిన రాళ్లు ఇక పనికిరావు. మామ వాటిని తీసేసి, చేపల్ని బకెట్లో ఉంచి, అంతా మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ వారాల తరబడి ఉత్త నీళ్లకు కాపలా, మళ్లీ అత్త మాటలు. అవ్వకు కూడా ఒక ఏర్పాటు చేశాడు. తొట్టి నీళ్లు అప్పుడప్పుడు కొన్ని తీసి కొత్తవి పోయాలి; తీసిన ఆ ఉప్పునీళ్లను పారబోయకుండా వెడల్పాటి మట్టిబానలో పోసి కిటికీ దగ్గర పెట్టేవాడు. ఇదీ సముద్రమే కదరా, కొంచెం పాతది అని ఆమె ఒప్పుకుంది. రాగి చెంబు ఆ బాన దగ్గరే నిలిచిపోయింది.

నాతో మాత్రం ఆయన తప్పయింది అనలేదు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు అనరు, నేనూ ఎదురుచూడలేదు. కొత్త నత్తలు వచ్చిన మర్నాడు, నేను చెప్పులు తొడుక్కుంటుంటే చీకట్లోంచి గొంతు సవరించుకుని, "బస్సుకి పోయే ముందర గీత దాకా నీళ్లు నువ్వే పొయ్యి పాపా. నాకి పొద్దున్నే కన్ను ఆనదు," అన్నాడు. ఆయనకు సూదిలో దారం ఎక్కించేంత చూపు ఉండేది. నేను డబ్బా తెచ్చి, మూత జరిపి, సరిగ్గా గీత దాకా పోశాను. ఆయన చూడటానికి కూడా రాలేదు, దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. పెళ్లయి ఆ ఇల్లు విడిచేదాకా ఆ పని నాదే.

ఇప్పుడా ఇల్లు లేదు, వాళ్లలో చాలామంది లేరు. ఈ తరం పిల్లలకు ఒకచోట మాట పడితే మరోచోట గది దొరుకుతుంది, మంచిదే. నాకప్పుడు వేరే చోటు లేదు, మామకు వేరే మేనకోడలు లేదు, అవ్వకు వేరే సముద్రం లేదు, అందుకని ఒకళ్లనొకళ్లం అనుమానించుకుంటూనే ఒకే పొయ్యి అన్నం తిని, చివరికి ఒకళ్ల మాట ఒకళ్లం నమ్మేదాకా అక్కడే ఉండిపోయాం. ఈ ఫ్లాటులో నా మీద ఎవరికీ అనుమానం లేదు, నాకూ ఎవరిమీదా లేదు. సాయంత్రం తాళం తీసి లోపలికి వస్తే, పొద్దున నేను ఏది ఎక్కడ పెట్టానో అది అక్కడే, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.